చచ్చాక మళ్ళీ లేవడానికి ఎంతసేపు?

నా టీవీ బల్ల మీద రెండు వీడియో గేమ్ పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి నేను బడికి వెళ్ళే రోజుల నాటిది. పైన క్యాసెట్ గుచ్చి మీట జరిపితే ఆట మొదలవుతుంది. రెండోది ఈ కాలపు కన్సోల్. పాతదాన్ని ముప్ఫై ఏళ్ళుగా, కొత్తదాన్ని ఐదేళ్ళుగా వాడుతున్నాను. "ఇంకా ఆ గళ్ళగళ్ళ బొమ్మలు ఏమిటి?" అని నవ్వేవాళ్ళతోనూ, "ఇప్పటి ఆటల్లో హంగు తప్ప సరుకు లేదు" అని పెదవి విరిచేవాళ్ళతోనూ నాకు పేచీయే. ఇద్దరూ బొమ్మల గురించే మాట్లాడతారు. ఇన్నేళ్ళ వాడకంలో నాకు మిగిలిన కొలబద్ద వేరు: నా మనిషి చచ్చాక ఆట మళ్ళీ నా చేతికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

పాత పెట్టెకు ఇందులో మంచి మార్కులే వస్తాయి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో గోతిలో పడితే ఒక చిన్న రాగం, నల్లటి తెర మీద మిగిలిన ప్రాణాల లెక్క, అంతే, మళ్ళీ పరుగు. ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోనుతో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ కాస్త చోటులోనే ఎనిమిది లోకాలుగా 32 మజిలీలు ఇమిడ్చారు. అందుకోసం చేసిన పొదుపు ఎలాంటిదంటే, ఆకాశంలో మేఘమూ నేల మీద పొదా ఒకే బొమ్మ. రంగు మాత్రం మార్చారు. ఆ సంగతి ఎవరో చెప్పేదాకా నేను గమనించలేదు, చెప్పాక మరి చూడకుండా ఉండలేకపోతున్నాను.

అయితే ఆ ఆటను ఇన్నేళ్ళు నిలబెట్టింది పొదుపు కాదు, దూకుడు. అంటే మారియో గాలిలోకి లేచే తీరు. బటన్‌ను తాకి వదిలేస్తే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్ద గెంతు. పరిగెత్తుతూ వెనక్కి తిరిగితే కాళ్ళు కాస్త జారి, ఆ తర్వాతే మలుపు. ఈ జారుడు ఎంతో వేలికి తెలుస్తుంది, మాటల్లో చెప్పలేం. ఎనిమిదో లోకంలో పరుగు ఊపు లేకుండా దాటలేని గోతులు ఉన్నాయి. అక్కడ కంటి కంటే బొటనవేలే ముందు లెక్క కడుతుంది.

ఆ బొటనవేలు ఒకసారి నన్ను భలే కంగారు పెట్టింది. పాత డబ్బా టీవీ పోయాక, పెట్టెను పలచటి కొత్త టీవీకి కలిపాను. రోజూ దాటే గోతిలోనే వరసగా పడుతున్నాను. వయసు మీద పడిందనుకున్నాను. నెల తర్వాత తెలిసింది, తప్పు నాది కాదు. ఆట సెకనుకు 60 సార్లు తెరను మారుస్తుంది. కొత్త టీవీ మాత్రం వచ్చిన బొమ్మను సరిదిద్ది, పెద్దది చేసి చూపించడానికి కొంత సమయం తీసుకుంటుంది. నేను నొక్కింది తెర మీద కనబడేసరికి మారియో అంచు దాటిపోతున్నాడు. టీవీ అమరికల్లో గేమ్ మోడ్ పెడితే చాలావరకు నయమైంది. పూర్తిగా కుదిరింది మాత్రం ఒక పాత డబ్బా టీవీని మళ్ళీ సంపాదించాకే. బాతుల వేట ఆడే తుపాకీ అయితే కొత్త టీవీ ముందు అసలు పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటుంది. ఆ ఏర్పాటంతా డబ్బా టీవీ వెలిగే వేగాన్ని నమ్ముకుని చేసింది.

పాతవాటిలో లోపాలు లేవా అంటే, బోలెడు. కాంట్రా అనే తుపాకుల ఆటలో నా చావులు సగం ఆ పెట్టె పుణ్యమే. తెర మీది ఒకే అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే ముక్కలను చూపడం దానికి చేతకాదు. శత్రువులు గుమిగూడితే కొన్ని రెపరెపలాడి మాయమవుతాయి. తూటా పోయిందనుకుని ముందుకు దూకితే, ఆ కనబడని తూటాయే తగులుతుంది. అందుకే పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ అన్న బటన్ల వరస మాకు ఎక్కాల కంటే ముందు వచ్చింది; ముప్ఫై ప్రాణాలు వచ్చేవి మరి. ఇక "9999 ఆటలు" అని అట్ట మీద రాసిన క్యాసెట్ల సంగతి తెలిసిందే. పట్టుమని పది ఆటలు, మిగతావన్నీ అవే ఆటలకు వేరే పేర్లు. కొన్న రోజు సాయంత్రానికల్లా ఆ మోసం అర్థమైంది, అయినా నాలుగు వందల దాకా ఓపిగ్గా నొక్కి చూశాను.

సేవ్ చేసుకునే దారి లేకపోవడం ఇంకో బాధ. మారియోలో ప్రాణాలన్నీ పోయాక మొదటి తెర మీద A అని రాసిన బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, చచ్చిన లోకం మొదటి నుంచి ఆడుకోవచ్చు. ఆ కిటుకు నాకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది. ఎన్ని సెలవులు మిగిలేవో! మరో ముఖ్యమైన మాట: క్యాసెట్ ఆడకపోతే నోటితో ఊదకండి. ఊదడం వల్ల పని జరిగినట్టు అనిపించేది, నిజానికి తీసి మళ్ళీ గుచ్చడం వల్ల అతుకు కుదిరేది. నోటి తడి లోహపు పళ్ళను తినేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో రుద్దితే చాలు. మొదటిసారి రుద్దినప్పుడు దూది కాటుకలా నల్లబడింది. మూడో పుల్ల తెల్లగా వచ్చాక, ఎన్నో ఏళ్ళుగా మూగబోయిన క్యాసెట్ ఒక్క దెబ్బకు పాడింది.

ఇక కొత్త పెట్టె. ఇందులో నేను ఎక్కువ గంటలు గడిపింది ఏ భారీ ఆటలోనో కాదు, 2018లో వచ్చిన సెలెస్ట్‌లో. ఒక అమ్మాయి కొండ ఎక్కుతుంది, అంతే కథ అనిపిస్తుంది, కానీ అంతే కాదు. చస్తే రెప్పపాటులో అదే గదిలో లేస్తాం. ఒక అధ్యాయం పూర్తయ్యేసరికి నా చావుల లెక్క ఆరు వందలు దాటింది, ఒక్కసారి కూడా విసుగు రాలేదు. చాలా రోజుల తర్వాత దాని లోగుట్టు చదివాను. అంచు దాటి కాలు గాలిలో పడ్డాక కూడా కొన్ని ఫ్రేములపాటు, అంటే తెర కొన్నిసార్లు మారేంతసేపు, దూకనిస్తుందట. కొండ అంచు దాటినా కిందికి చూసేదాకా పడని కార్టూన్ కొయోటి (తోడేలు లాంటి జంతువు) గుర్తుగా దీన్ని కొయోటి టైమ్ అంటారు. అంటే నా నైపుణ్యం అనుకున్న గెంతుల్లో ఎన్నో ఆ ఆట చూసీ చూడనట్టు వదిలేసినవే. మొదట మనసు చివుక్కుమంది. తర్వాత మారియో దగ్గరికి వెళ్ళి, అదే అలవాటుతో ఒక్క వెంట్రుకవాసి ఆలస్యంగా దూకి, నిలువునా గోతిలో పడ్డాక, కొత్తవాళ్ళ దయ ఎంతటిదో తెలిసింది.

పాత పెట్టె ఎన్నటికీ ఇవ్వలేనిది ఒకటుంది. 2017 నాటి బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో, కనబడే కొండ దాదాపు ఏదైనా ఎక్కొచ్చు. శిఖరం చేతికి అందేంత దూరంలో ఉండగా వాన మొదలవుతుంది. రాళ్ళు తడిసి, నాలుగు పట్లు ఎక్కితే జారిపోతాం. ఓపిక అయిపోతుంది. చివరికి ఒక చూరు లాంటి బండ కింద నిలబడి వాన వెలిసేదాకా ఆగాను. ఆటలో ఏమీ చేయకుండా వాన చప్పుడు వింటూ కూర్చోవడం నాకు అదే మొదటిసారి. ఆ కాసేపు నా కొలబద్దను పక్కన పెట్టాను. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అంతకంటే నింపాది ఆట. కంప్యూటర్‌లో 150 గిగాబైట్ల చోటు అడుగుతుంది, సొరుగు తెరిచి డబ్బా తీయడానికీ అందులోని మనిషి తీరిగ్గా చేయి చాస్తాడు. కొందరికి అదే ప్రాణం. నాకు మూడో సొరుగు దగ్గర ఓపిక పోయింది.

కొత్తవాటితో నా అసలు గొడవ ఆటలతో కాదు, ఆట చుట్టూ ఉన్న తంతుతో. వారమంతా పని చేసి ఆదివారం గంట దొరికితే, అందులో నలభై నిమిషాలు అప్‌డేట్ దిగుమతికే పోయిన రోజులున్నాయి. రెండేళ్ళకే కంట్రోలర్ మీద మనిషిని నడిపే పుల్ల (స్టిక్) అరిగి, నేను ముట్టుకోకపోయినా మనిషి ఎడమకు నడిచిపోతాడు. లోపలి రాపిడి భాగం అరగడమే కారణం. ఇప్పుడు అయస్కాంతంతో కొలిచే రకం కొన్నాను, ఇంతవరకు పేచీ పెట్టలేదు. డబ్బు పెట్టి కొన్న ఒక ఆట, దాన్ని చేసిన కంపెనీ సర్వర్లు ఆపేయగానే మొదటి తెర దాటడం మానేసింది. పాత క్యాసెట్ పాడైతే దూది పుల్ల ఉంది. దీనికి ఏ పుల్లా లేదు.

అలాగని క్యాసెట్లు చిరంజీవులేమీ కావు. చేతిలో పట్టుకుని ఆడే నా గేమ్ బాయ్‌లో పోకెమాన్ రెడ్ అనే ఆట ఉంది. సేవ్ చేసినదంతా క్యాసెట్ లోపలి చిన్న బిళ్ళ బ్యాటరీ మీద బతుకుతోంది. ఆడిన సమయం చూపే లెక్క 255 గంటల 59 నిమిషాల దగ్గర ఆగిపోయింది. అంతకు మించి లెక్కపెట్టడం దానికి రాదు. బ్యాటరీ ఎప్పుడో అప్పుడు చస్తుంది. కొత్తది కొని సొరుగులో పెట్టాను, టంకం సామాను కూడా సిద్ధం. కాని పాతది ఊడదీసిన మరుక్షణం అందులోని సేవ్ తుడిచిపెట్టుకుపోతుంది. ముందుగా దాన్ని కంప్యూటర్‌లోకి దించే పరికరాలు దొరుకుతాయి, తెప్పించాలి. తెప్పించేదాకా ఆదివారం ఆదివారం దాన్ని వెలిగించి, కంటిన్యూ అన్న మాట ఇంకా కనబడుతోందా అని చూసి, ఆపేస్తున్నాను.