గోధుమ మానడమా, ముందు పరీక్షా: ఏది మేలు?

హనుమకొండ, వరంగల్ ఇళ్లలో రాత్రిపూట అన్నం మాని చపాతీ తినడం షుగరు భయంతో మొదలై ఇప్పుడు అలవాటుగా స్థిరపడింది. ఆ చపాతీ తిన్నాక కడుపు ఉబ్బినా, నీరసంగా అనిపించినా చాలామంది ఇప్పుడు గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తినే అనుమానిస్తున్నారు. అటువంటప్పుడు గోధుమను వెంటనే మానేయడం ఒక పద్ధతి. మానకముందే రక్తపరీక్ష చేయించుకొని, ఆపైన ఆహారం మార్చి చూడడం మరొకటి. మొదటి పద్ధతిని నాలుగు నెలలు పాటించిన నేను రెండోదే మేలని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

మానేయడం మనకు సులువే. జొన్న రొట్టె, అన్నం, సర్వపిండి, సకినాలు, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు కనుక ఖరీదైన ప్రత్యేక పిండి కొననక్కరలేదు. నాకు వారంలోనే కొంత ఉపశమనం కలిగింది. కానీ చపాతీతోపాటు బేకరీ బిస్కెట్లు, హోటల్ పరోటా, దానికిచ్చే కుర్మా కూడా నా భోజనంలోంచి పోయాయి. వీటిలో ఏది పోవడం వల్ల మేలు జరిగిందో ఆ ఉపశమనం చెప్పలేదు.

అంతకన్నా పెద్ద నష్టం పరీక్ష విషయంలో జరుగుతుంది. గ్లూటెన్ వల్ల శరీరపు రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరపై దాడిచేసే సీలియాక్ వ్యాధిని గుర్తించడానికి ముందుగా ఆ దాడిలో పుట్టే ప్రతిరక్షకాలను కొలిచే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు. గోధుమ మానేస్తే ఆ ప్రతిరక్షకాలు క్రమంగా తగ్గి, జబ్బు ఉన్నా లేనట్టే ఫలితం రావచ్చు. అందుకే పరీక్షకు ముందు కనీసం 6 వారాలపాటు రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ తినాలని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మానేసిన నేను డాక్టరు సలహాపై మళ్లీ ఆరు వారాలు తిని, ఆ ఉబ్బరాన్ని భరించి పరీక్ష చేయించుకోవలసివచ్చింది. సీలియాక్ లేదని తేలింది.

మన దేశంలో ఈ వ్యాధి గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో ఎక్కువ, దక్షిణాదిలో చాలా తక్కువ. అయినా మాత్రలకు లొంగని రక్తహీనత, బరువు తగ్గడం, పిల్లల ఎదుగుదల ఆగడం, రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉండడం వంటివి ఉంటే పరీక్షను వాయిదా వేయకూడదు. వ్యాధి ఉన్నట్టు నిర్ధారణ అయితే చపాతీ మానడంతో సరిపోదు. గోధుమపిండి కలిపిన పొడి ఇంగువను సైతం జీవితాంతం దూరం పెట్టాలి. పరీక్ష లేకుండా సొంతంగా మానినవారు అంత నిష్ఠ పాటించడం అరుదు.

సీలియాక్ లేకపోతే గ్లూటెన్ కన్నా ముందు అనుమానించవలసింది ఫ్రక్టాన్లను. గోధుమతోపాటు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డల్లోనూ ఉండే ఈ పిండిపదార్థాలను చిన్నపేగు అరిగించుకోలేదు. పెద్దపేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టినప్పుడు గ్యాస్ పుడుతుంది. గ్లూటెన్ తమకు పడదని నమ్మిన 59 మందిపై నార్వేలో జరిగి 2018లో అచ్చైన అధ్యయనంలో ఫ్రక్టాన్లు తిన్న వారంలో బాధలు ఎక్కువయ్యాయి. గ్లూటెన్‌కూ, పోలిక కోసం ఇచ్చిన, ఆ రెండూ లేని ఉత్తుత్తి ఆహారానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నా విషయంలో ఆ ఆధారం నా పళ్లెంలోనే ఉండింది: గోధుమ మానిన నెలల్లో కూడా, ఉల్లిగడ్డ దండిగా వేసిన కూరతో జొన్న రొట్టె తిన్న రాత్రి కడుపు ఉబ్బేది. ఆ నాలుగు నెలలూ దానిని నేను లెక్కలోకి తీసుకోలేదు.

కాబట్టి పరీక్షలో ఏమీ లేదని తేలినవారు చపాతీని అలాగే ఉంచి, ముందు ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డలను రెండు వారాలు ఆపి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి చూడడం మంచిది. టీ పాలను కూడా విడిగా ఇలాగే పరీక్షించాలి. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు కనుక, మా ఇంట్లో ఇప్పుడు ఎల్లిగడ్డ రేకలను నూనెలో వేయించి, వాసన దిగాక తీసివేసి, ఆ నూనెతోనే బీరకాయ కూర వండుతున్నారు. దానితో నేను రెండు చపాతీలు ఇబ్బంది లేకుండా తింటున్నాను.