పెరుగన్నం, ఉడికిన చేప, డ్రై ఫుడ్, పౌచ్: ఇంటి పిల్లికి ఏది మేలు?

పిల్లికి ఏం పెడుతున్నారని తెలుగు ఇళ్ళలో అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు పాలన్నం, కాకపోతే పెరుగన్నం. పల్లెల్లో పిల్లులు తరతరాలుగా ఇదే తిని బతకలేదా, ఇప్పుడు ప్యాకెట్లు కొనడం డబ్బు దండగ కాదా అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. అయితే గాదెల చుట్టూ, గడ్డివాముల కింద, పెంకుల సందుల్లో తిరుగుతూ ఎలుకలను, బల్లులను, తొండలను, చిన్న పిట్టలను పట్టి తిన్న ఆ పిల్లికి ఇంటివాళ్ళు పెట్టిన గిన్నెడు పాలన్నం చిరుతిండి మాత్రమే. దాని అసలు భోజనం ఎవరూ చూడని వేళ, ఎవరూ చూడని చోట జరిగిపోయేది. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో బాల్కనీకి వల కట్టిన ఏడో అంతస్తు ఫ్లాటులో పెరిగే పిల్లికి ఆ రెండో భోజనం లేదు, గిన్నెలో పడిందే దానికి సర్వస్వం. కనుక ఈ నాలుగు రకాల తిండినీ ఒకే ప్రశ్నతో తూచాలి: ఇంకేమీ దొరకనప్పుడు ఇది ఒక్కటే పిల్లిని ఆరోగ్యంగా నిలబెట్టగలదా?

పిల్లి శరీరం మాంసం మీదనే ఆధారపడి ఏర్పడింది. కుక్క అన్నం, పప్పు తిని కూడా నెట్టుకురాగలదు గాని, పిల్లికి కావలసిన టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం సరిపడా తయారుచేసుకోలేదు. క్యారెట్టులోని పసుపు రంగు పదార్థం నుంచి విటమిన్ ఎ తీసుకోలేదు. మాంసపు కొవ్వులో దొరికే అరాకిడోనిక్ ఆమ్లాన్ని నూనె గింజల కొవ్వు నుంచి తగినంతగా చేసుకోలేదు. వీటిలో టారిన్ కథ చాలా ముఖ్యమైనది. అది లోపిస్తే కంటి రెటీనా క్షీణిస్తుందని 1970ల్లోనే తేలింది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణపు పరిశోధకులు, గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుతో వచ్చిన పిల్లుల రక్తంలో టారిన్ బాగా తక్కువగా ఉండటం గమనించి, దాన్ని తిండిలో కలిపి ఇస్తే గుండె తిరిగి కోలుకుంటుందని చూపించారు. ఆ పిల్లులు తిన్నది పేరున్న కంపెనీల తిండే. ఆ తర్వాతనే క్యాట్ ఫుడ్ తయారీలో టారిన్ మోతాదు పెరిగింది. ప్యాకెట్టు మీద టారిన్ అన్న మాట కనిపించడానికి వెనుక ఉన్న చరిత్ర ఇది.

ఈ లెక్కన చూస్తే పెరుగన్నం మొదటి పరీక్షలోనే తప్పిపోతుంది. అన్నంలో టారిన్ లేదు, ఆవు పాలలో ఉన్నది బహు తక్కువ. పైగా ఎదిగిన పిల్లుల్లో చాలా వాటికి పాలలోని లాక్టోజును అరిగించుకునే ఎంజైము తగ్గిపోతుంది కాబట్టి పాలు తాగిన కొన్ని గంటలకు విరేచనాలు అవుతాయి. పెరుగులో లాక్టోజు కొంత తగ్గి ఉంటుంది గనుక అంత ఇబ్బంది పెట్టకపోవచ్చు. అలాగైతే పిల్లి పాల కోసం ఎందుకు అంతగా పడి చస్తుంది, పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అన్న సామెత ఎందుకు పుట్టింది? తీపి కోసమైతే కాదు. తీపిని పసిగట్టే గ్రాహకంలో సగభాగాన్ని తయారుచేయవలసిన జన్యువు పిల్లిలోనే కాదు, పులిలోనూ చీతాలోనూ కూడా పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ పరిశోధకులు ప్రకటించారు. పాలు, వెన్న, మీగడ, ఆఖరికి ఐస్‌క్రీమ్ దగ్గర కూడా పిల్లిని లాగేది అందులోని కొవ్వూ మాంసకృత్తులే. తెనాలి రామకృష్ణుడు తన పిల్లికి సలసల మరిగే పాలు పెట్టి, పాలగిన్నె చూస్తేనే పారిపోయేలా చేశాడన్న కథ మనందరికీ తెలుసు. అందులో హాస్యం ఎలా ఉన్నా పిల్లి స్వభావం మాత్రం నిజమే, ఒకసారి బాధ కలిగించిన తిండిని అది చాలాకాలం దగ్గరికి రానివ్వదు.

ఇక చేప, కోడిమాంసం. రుచి విషయంలో వీటితో మరేదీ పోటీపడలేదు. చేప ముక్క వేసి కలిపిన అన్నం పెట్టి, పిల్లి పక్కన కాసేపు కూర్చుని చూడండి. ముందు వాసన చూస్తుంది. మెతుకుల మధ్య నుంచి ముక్కను ముందుపళ్ళతో జాగ్రత్తగా బయటికి లాగి నేల మీద పెట్టుకుంటుంది. తల ఒక పక్కకు వంచి చెంపపళ్ళతో కొరుకుతుంది. ఆ తర్వాత మెతుకులకు అంటిన రసమంతా నాకి, తెల్లబడిన అన్నాన్ని గిన్నె అడుగునే వదిలేసి మూతి తుడుచుకుంటూ వెళ్ళిపోతుంది. మాంసానికి, చేపకు ఉండే ఆ ప్రత్యేకమైన కమ్మదనాన్ని పసిగట్టే గ్రాహకాలు పిల్లి నాలుక మీద ఉన్నాయని, ట్యూనా చేపలో అధికంగా ఉండే హిస్టిడిన్, ఐనోసినేట్ అనే రెండు పదార్థాలు కలిసినప్పుడు పిల్లులు ఆ రుచికి విశేషంగా మొగ్గుచూపుతాయని 2023లో ఇంగ్లండులో పెంపుడు జంతువుల తిండిని అధ్యయనం చేసే వాల్తమ్ సంస్థ పరిశోధకులు వెల్లడించారు. చేప అంటే పిల్లికి ప్రాణం అన్న మన నమ్మకానికి శాస్త్రం కూడా వత్తాసు పలికిందన్నమాట.

ప్రాణమైనంత మాత్రాన రోజూ అదే పెట్టవచ్చా అంటే అక్కడే చిక్కు. మన వంటింటి చేప పులుసులో ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉండవు. పచ్చివైనా, ఉడికినవైనా, పొడి చేసినవైనా అవి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనత తెస్తాయి. కొన్ని రకాల పచ్చి చేపల్లో విటమిన్ బి1ను నాశనం చేసే థయమినేజ్ అనే ఎంజైము ఉంటుంది, ఆ చేపలనే పచ్చిగా రోజూ తిన్న పిల్లి మెడ వాల్చేసి తూలుతూ నడిచే స్థితికి వస్తుంది; ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. తీరప్రాంతంలో చవకగా దొరికే కవళ్ళు, కానాగంతల వంటి నూనె చేపలనే నెలల తరబడి పెడితే విటమిన్ ఇ లోపించి చర్మం కింది కొవ్వు వాచి, ముట్టుకుంటేనే పిల్లి నొప్పితో అరుస్తుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ. కోడిమాంసానికి వేరే లోపం ఉంది: ఎముక తీసిన మాంసంలో భాస్వరం కాల్షియం కంటే 15 నుంచి 20 రెట్లు ఎక్కువ, అందువల్ల ఒట్టి మాంసం మీద పెరిగే పిల్లికూనల శరీరం కాల్షియం కోసం సొంత ఎముకలనే కరిగించుకుంటుంది, కుర్చీ మీది నుంచి దూకినా కాలు విరుగుతుంది. ఎలుకను తిన్న పిల్లికి ఈ సమస్య రాదు, ఎందుకంటే అది ఎముకలతో సహా తింటుంది. అలాగని ఉడికిన కోడి ఎముకలు వేయకూడదు, అవి పెచ్చులుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. కార్జం వారానికి ఒకసారి చిన్న ముక్క అయితే మంచిదే, రోజూ అయితే విటమిన్ ఎ మితిమీరి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

చికెన్ కొట్టు నుంచి తెచ్చిన పచ్చి ముక్కల గురించి నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: వద్దు. పచ్చి మాంసంలో ఉండగల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సంగతి అలా ఉంచినా, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్ళను చంపిన బర్డ్ ఫ్లూ వైరస్ పిల్లులకు కూడా ప్రాణాంతకం. ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి, ముల్లు తీసి పెట్టడం పెద్ద పనేమీ కాదు. ఉడికించిన నీళ్ళలోకి టారిన్ దిగిపోతుంది గనుక వాటిని పారబోయకుండా ముక్కలతోనే పోయడం మంచిది. అయినా ఇంటి వంటను పిల్లికి పూర్తి భోజనంగా చేయాలంటే పశువైద్యుని సలహాతో కాల్షియం, టారిన్, విటమిన్లు లెక్కప్రకారం కలపాలి. అది చేయలేనివాళ్ళు రోజు తిండిలో పదో వంతుకు మించకుండా వాయనంలా పెట్టుకోవడమే క్షేమం.

గింజల్లా ఉండే డ్రై ఫుడ్ ఈ లెక్కలన్నీ కట్టి తయారుచేసిన తిండి. ప్యాకెట్టు మీద ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అన్న మాట ఉంటే, అది ఒక్కటే పెట్టినా పోషకాలకు లోటు రాకూడదని అర్థం. 100 గ్రాములకు దాదాపు 350 నుంచి 400 కిలోకేలరీలు ఉంటాయి గనుక 4 కిలోల పిల్లికి రోజుకు 50, 60 గ్రాములు చాలు. ఖర్చు తక్కువ, గిన్నెలో గంటల తరబడి ఉన్నా పాడవదు, ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళలో ఇది పెద్ద వెసులుబాటు. పళ్ళు శుభ్రపడతాయన్న ప్రచారాన్ని మాత్రం మామూలు గింజల విషయంలో నమ్మనక్కరలేదు. మాంసాహారం గడప దాటి లోపలికి రాని ఇళ్ళలో పిల్లిని పెంచేవారికి కూడా ఇదే తగిన దారి. పిల్లిని శాకాహారిని చేయాలనుకోవడం దానికి అన్యాయం. కుక్క కూడా ఉన్న ఇళ్ళలో డాగ్ ఫుడ్డే ఇద్దరికీ పెట్టేస్తుంటారు, అందులో పిల్లికి సరిపడా టారిన్ ఉండదు.

డ్రై ఫుడ్ లోపమంతా నీళ్ళ దగ్గర ఉంది. పెంపుడు పిల్లి పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి అంచుల అడవిపిల్లులు. వాటికి కావలసిన నీరు వేటలోనే దొరికేది, ఎలుక శరీరంలో దాదాపు 70 శాతం నీరే. అందుకే పిల్లికి దాహం మందం. డ్రై ఫుడ్‌లో నీరు 10 శాతం లోపు, అది తినే పిల్లి గిన్నెలో నీళ్ళు ఎక్కువగానే తాగుతుంది గాని ఆ లోటంతా తీరేటట్టు తాగదు. మూత్రం చిక్కబడుతుంది, అందులో స్ఫటికాలు ఏర్పడవచ్చు. సన్నని మూత్రనాళం ఉండే మగపిల్లికి అడ్డుపడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మన ఎండాకాలంలో ఈ భయం ఇంకా ఎక్కువ. మలమూత్రాలకు పెట్టిన మట్టిపెట్టె దగ్గర మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే, మలబద్ధకమేమో అనుకుంటూ ఇంట్లో కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

పౌచ్‌లలో వచ్చే వెట్ ఫుడ్ సరిగ్గా ఈ లోటునే పూడుస్తుంది. అందులో 75 నుంచి 80 శాతం నీరే. 85 గ్రాముల పౌచ్‌లు మూడు తిన్న పిల్లికి తిండితోనే దాదాపు 200 మిల్లీలీటర్లు అందుతాయి, 4 కిలోల పిల్లికి రోజంతటికీ కావలసింది ఇంచుమించు అంతే. వాసన బలంగా ఉంటుంది గనుక ముసలి పిల్లులు, జబ్బుపడి లేచినవి కూడా తింటాయి. కడుపు నిండినట్టుంటుంది, కేలరీలు తక్కువ, అందువల్ల పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి లావెక్కుతున్న పిల్లికి మరీ మంచిది. ఇబ్బంది ఖర్చే. మామూలు రకం పౌచ్ ఒక్కొక్కటి 40, 50 రూపాయలనుకున్నా రోజుకు మూడింటి చొప్పున నెలకు 3,600 నుంచి 4,500 రూపాయల దాకా అవుతుంది. విప్పిన పౌచ్‌ను మే నెల వేడిలో గంటకు మించి బయట ఉంచడానికి వీల్లేదు. కొనేటప్పుడు ఇంకొకటి చూడాలి: గొట్టాల్లో వచ్చే నాకుడు ట్రీట్లు, కొన్ని ట్యూనా డబ్బాలు పూర్తి ఆహారం కావు, లేబులు మీద ‘కాంప్లిమెంటరీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

డబ్బు సమస్య కాకపోతే వెట్ ఫుడ్డే మేలు, అందులో నాకు సందేహం లేదు. మధ్యతరగతి ఇంటికి నేను చెప్పగలిగేది మాత్రం ఉదయం సగం, రాత్రి సగం చొప్పున ఒక పౌచ్, అందులో నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్ళు, మిగతా రోజుకు 35, 40 గ్రాముల డ్రై ఫుడ్, అప్పుడప్పుడు ఉడికిన చేప ముక్క. మగపిల్లి ఉన్న ఇంట్లో పౌచ్ వాటా వీలైనంత పెంచాలి. పెరుగు మీద మరీ మనసుపడే పిల్లికి ఒక చెంచా నాకనిస్తే నష్టం లేదు, దాన్ని భోజనం లెక్కలో వేయకూడదు.

ఏది పెట్టినా ఎలా పెడుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఒక ఎలుకలో 30 కిలోకేలరీలే ఉంటాయి గనుక అడవిలో పిల్లి రోజుకు ఏడెనిమిది సార్లు వేటాడి కొద్దికొద్దిగా తినేది. ఇంట్లో కూడా అది ఒక్కసారే గిన్నె ఖాళీ చేయకపోతే వంక పెట్టిందనుకోకూడదు. తూచిన డ్రై ఫుడ్‌ను నాలుగైదు సార్లుగా వేయడం మంచిది, గిన్నె నిండుగా పోసి వదిలేయడం ఊబకాయానికి దారి. ఫ్రిజ్‌లోంచి తీసిన తిండిని చాలా పిల్లులు వాసన చూసి వెనుదిరుగుతాయి, ఒంటి వేడికి దగ్గరగా వెచ్చబెడితే అదే గిన్నెను నాకి పెడతాయి. నీళ్ళ గిన్నె తిండి పక్కన కాకుండా దూరంగా, వీలైతే రెండు చోట్ల ఉంచాలి. చీమల బాధకు గిన్నెను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టడం మన పాత ఉపాయమే, పిల్లి గిన్నెకూ పనికొస్తుంది.

పెరుగన్నానికి అలవాటుపడిన పిల్లిని ఒక్క రోజులో మార్చబోతే మొండికేస్తుంది. చిన్నప్పుడు తల్లి దగ్గర ఎరిగిన వాసనలనే పిల్లి పెద్దయ్యాక కూడా తిండిగా గుర్తిస్తుంది. అందుకని పాత తిండిలో కొత్తది చెంచాడుతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తిగా మార్చాలి. ఆకలేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టడం మాత్రం ప్రమాదం: రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుపాటి దానికి, ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుని కామెర్లు రావచ్చు. ఒక రోజంతా ముట్టకపోతే పాత పెరుగన్నమే అయినా పెట్టి, అప్పటికీ తినకపోతే డాక్టరుకు చూపించాలి.