బయోలైన్ డెంగీ డ్యుయో కార్డు: మంచిదే, కానీ జ్వరం ఎన్నో రోజో తెలియాలి

నర్సీపట్నం వైపు వానలు పడ్డాయంటే మలేరియా, టైఫాయిడ్, డెంగీ, స్క్రబ్ టైఫస్ అన్నీ ఒకేసారి దిగుతాయి. మొదటి రెండు రోజులు ఏది ఏదో మనిషిని చూసి చెప్పడం కష్టం. ల్యాబ్ టెక్నీషియన్‌గా ఆ రోజుల్లో నా చేతిలో ఎక్కువగా ఉండేది రక్తంలో డెంగీ జాడని నిమిషాల్లో చూపించే ఈ బయోలైన్ డెంగీ డ్యుయో కార్డే. ఒక పక్క ఎన్ఎస్1 (డెంగీ వైరస్ ప్రొటీన్), రెండో పక్క ఐజీఎం, ఐజీజీ (వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు).

ఎన్ఎస్1 వైపు డ్రాపర్‌తో మూడు చుక్కల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) వేస్తే సరిపోతుంది. రెండో వైపు చెయ్యి కుదురుగా ఉండాలి. సన్న గొట్టంలో నల్లగీత దాకా, అంటే 10 మైక్రోలీటర్లు తీసుకుని, వేశాక నాలుగు చుక్కలు బఫర్ (కిట్‌తో వచ్చే ద్రావణం) పొయ్యాలి. 15 నుంచి 20 నిమిషాల లోపు చూసెయ్యాలి. ఆ లోపు పడిన గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే. టైము దాటాక వచ్చేదాన్ని నమ్మకూడదు. అందుకే ప్రతి కార్డు మీదా మార్కర్‌తో టైము రాస్తాను.

ఫలితాన్ని జ్వరం వచ్చిన రోజుతో కలిపి చదవాలి. మొదటి రోజుల్లో ఎన్ఎస్1 దొరుకుతుంది, వారం తిరిగేసరికి చాలామందిలో పోతుంది. ఐజీఎం నాలుగైదు రోజులకు గానీ పైకి రాదు. రెండోసారి డెంగీ వచ్చినవాళ్లలో ఎన్ఎస్1 తప్పిపోయే అవకాశం ఎక్కువ, ప్రమాదమూ వాళ్లకే ఎక్కువ. అలాంటివాళ్లలో ఐజీజీ తొందరగా లేస్తుంది.

పోయిన సీజన్‌లో గొలుగొండ వైపు నుంచి ఒక పిల్లాణ్ణి తీసుకొచ్చారు. జ్వరం అయిదో రోజు. ఎన్ఎస్1 గీత లేదు, ఐజీఎం లేతగా, ఐజీజీ ముదురుగా పడ్డాయి. "జ్వరం తగ్గిపోయింది కదండీ, ఇంటికెళ్లిపోతాం" అన్నాడు తండ్రి. పిల్లాడేమో కడుపు పట్టుకుని ముడుచుకుని కూర్చున్నాడు. సీబీపీ (రక్తకణాల లెక్క) చేస్తే ముందు రోజు 36 ఉన్న పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 44కి ఎక్కింది, ప్లేట్‌లెట్స్ సగానికి పడ్డాయి. అంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతోంది. రిపోర్టు టైపు చెయ్యకముందే డాక్టరుగారికి ఫోన్ చేశాను. వెంటనే చేర్చుకుని, సెలైన్ పెట్టి, గంట గంటకీ చూసుకున్నారు. తేరుకున్నాడు.

ఆ పిల్లాడి పరిస్థితి ఎంత తీవ్రమో కార్డు చెప్పలేదు, చెప్పే పరీక్షా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన హెచ్చరిక లక్షణాల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, మగతగా పడి ఉండటం, ప్లేట్‌లెట్స్ వేగంగా పడుతూ పీసీవీ పెరగడం ఉన్నాయి. జ్వరం దిగే సమయంలోనే ఇవి కనిపిస్తే అసలు టెన్షన్ అప్పుడే. ఎవరికి ముదురుతుందో మొదటి రోజే చెప్పే గుర్తు కోసం పరిశోధనలు చాలా చోట్ల నడుస్తున్నాయి. అలాంటి కార్డు వస్తే నేనైతే ఒక్క రోజు ఆగను.

నాకు బాధ కలిగించేది ఒకటుంది. ఈ కార్డు పాజిటివ్, ప్లేట్‌లెట్స్ 60 వేలు అని చూపించి, రక్తస్రావం ఏమీ లేకపోయినా ప్లేట్‌లెట్స్ ఎక్కించాలని మా చుట్టాలావిణ్ణి ఒక ప్రైవేటు ఆసుపత్రి భయపెట్టింది. పుస్తెలతాడు తాకట్టు పెట్టారు. ప్లేట్‌లెట్స్ 20 వేలకు, అంతకంటే కిందికి పడిన పెద్దవాళ్లకు ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదని సింగపూర్, మలేషియాల్లో చేసిన అధ్యయనం 2017లోనే తేల్చింది.

కార్డు పాజిటివ్‌ని ప్రభుత్వం ఖాయమైన కేసుగా లెక్కలోకి తీసుకోదు, ఎలైజా అనే ల్యాబ్ పరీక్ష కావాలి. ఐజీఎం ఎలైజా కిట్లు పుణెలోని ఎన్ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) నుంచి సర్కారు కేంద్రాలకు వస్తాయి. శాంపిల్ ఆ సర్కారు కేంద్రానికి పంపమని అడగండి.

మొత్తానికి చిన్న ల్యాబులకు నేను ఈ కార్డు కొనమనే చెప్తాను. పెట్టెని మాత్రం 30 డిగ్రీలు దాటని చోట పెట్టండి. పరీక్షకు వచ్చేవాళ్లు జ్వరం మొదలైన తేదీ చెప్పండి, మేం రిపోర్టు మీద రాస్తాం.