చీలమండ బెణుకుకు రబ్బరు బ్యాండ్: మూడేళ్ల వాడకం తర్వాత

బెణికిన చీలమండకు మళ్ళీ బలం తెచ్చుకోవడానికి ఫిజియోథెరపిస్టులు ఇచ్చే సాగే రబ్బరు పట్టీ గురించే ఈ సమీక్ష. సుమారు ఒకటిన్నర మీటరు పొడవు, 12 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పు, కాగితంలా పలచగా ఉంటుంది. మూడేళ్లలో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం నాలుగు రంగులూ వాడాను. కొన్ని వందల రూపాయల్లో కాలికి ఇంత మేలు చేసే వస్తువు ఇంకోటి లేదనే నా అభిప్రాయం. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత సాగదీయాలి, ఎప్పుడు పారేయాలి అన్నవి తెలియకుండా వాడితే ఎన్నాళ్లు చేసినా కాలు మళ్ళీ మళ్ళీ మడత పడుతూనే ఉంటుంది.

కాలు తిరిగిన రోజున బ్యాండ్ జోలికి వెళ్లొద్దు. ముందు తేల్చుకోవాల్సింది ఎముక సంగతి. కెనడా డాక్టర్లు 1992లో ప్రకటించిన ఒట్టావా నియమాలు ఇందుకు బాగా పనికొస్తాయి. చీలమండకు అటూ ఇటూ పొడుచుకొచ్చిన ఎముకల కొన మీద, అక్కణ్ణుంచి వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల మేర వేలితో నొక్కి చూడండి. చిటికెన వేలి వరుసలో పాదం మధ్యన ఉబ్బెత్తుగా తగిలే ఎముకనూ, అరికాలి వంపు పైన లోపలి వైపు ఉండే ఎముకనూ అలాగే నొక్కండి. వీటిలో ఎక్కడైనా నొక్కితే నొప్పి ఉన్నా, కుంటుతూనైనా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. పుత్తూరు కట్టు మీద గట్టి నమ్మకం ఉన్నవాళ్లు కూడా ఎక్స్‌రే చూశాకే కట్టు మాట ఎత్తాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ నొక్కుడు పరీక్ష సరిపోదు, వాళ్లు నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. పచ్చి బెణుకు మీద నూనె రాసి లాగి తోమడం మాత్రం ఎవరికీ మంచిది కాదు. తెగిన నరం సర్దుకుంటుందని చేస్తారు గానీ, తెగింది నరం కాదు, ఎముకను ఎముకతో కలిపే లిగమెంట్. తోమితే వాపు పెరుగుతుంది.

వాపు లాగి, పాదం కదిపితే ఓర్చుకోగలిగే నొప్పి మాత్రమే ఉన్నప్పుడు మొదలుపెట్టొచ్చు. అంతవరకు బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం చాలు. ఏబీసీడీలు రాయమంటారు గానీ అఆలు రాయండి. మన అక్షరాలన్నీ గుండ్రటి మలుపులే కాబట్టి చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది.

ఇక రంగులు. అందరూ తికమకపడేది ఇక్కడే. ఈ పట్టీలు చేసే థెరాబ్యాండ్ కంపెనీ లెక్క ప్రకారం పట్టీని దాని పొడవుకు రెట్టింపు సాగదీస్తే పసుపు సుమారు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3 కిలోల బలంతో లాగుతుంది. మూడింతలు సాగదీస్తే ఆకుపచ్చ 3 కిలోలకు చేరుతుంది. వేరే కంపెనీల రంగులకు ఈ లెక్క వర్తించదు. ఒకరి ఎరుపు ఇంకొకరి నీలమంత గట్టిగా ఉండొచ్చు, అందుకే రంగు ఒకటే కదా అని కంపెనీ మార్చొద్దు. ఇంకో సంగతి, బలం నిర్ణయించేది ఎన్ని సెంటీమీటర్లు సాగిందన్నది కాదు, అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందన్నది. 60 సెంటీమీటర్ల పట్టీ 10 సెంటీమీటర్లు సాగితే ఆరో వంతే. 20 సెంటీమీటర్ల ముక్క అంతే సాగితే సగం. పట్టీని చేతికి నాలుగు చుట్లు చుట్టుకుని పొట్టిగా పట్టుకునేవాళ్లకు మొదట్లో తేలిగ్గా, చివర్లో ఒక్కసారిగా బిగుసుకుపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. రెండడుగుల టైల్స్ వేసిన గది అయితే పని సులువు. మంచం కోడు ఏ గీత మీద ఉందో, మీ మడమ ఏ గీత మీద ఉందో గుర్తుపెట్టుకుని రోజూ అక్కడే కూర్చోండి. లేకపోతే నిన్నటికీ ఇవాళ్టికీ పోలికే ఉండదు.

చీలమండకు అసలైన వ్యాయామం పాదాన్ని బయటికి తిప్పడం. కాలు లోపలికి మడత పడుతున్న క్షణంలో దాన్ని ఆపాల్సినవి పిక్కకు బయటి వైపు ఉండే కండరాలు, బెణుకు తర్వాత మొద్దుబారేవీ అవే. కుడి కాలికైతే పట్టీని ఎడమ వైపున్న మంచం కోడుకు కట్టాలి. కోడు అంచు పదునుగా ఉంటే ముందు పాత తువ్వాలు చుట్టండి, లేదంటే పట్టీ ముడి దగ్గరే కోసుకుపోతుంది. కాళ్లు చాపి కూర్చుని, పిక్క కింద ఇంకో తువ్వాలు చుట్ట పెట్టండి, మడమ నేలకు తగలకుండా గాలిలో ఉండాలి. పట్టీని కాలి వేళ్ల కింది ఉబ్బు మీదుగా పూర్తి వెడల్పున పరవాలి. తాడులా చుట్టుకుపోతే చర్మాన్ని కోస్తుంది, జారి వేళ్ల మీదికి వస్తుంది. చిటికెన వేలిని బయటికి తీసుకెళ్లడానికి ఒక అంకె, వెనక్కి రావడానికి మూడు అంకెలు లెక్కపెట్టండి. పట్టీ టక్కున లాక్కుంటే ఆ తడవ లెక్కలోకి రాదు. 15 చొప్పున మూడు విడతలు.

దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. పాదం బదులు మోకాలు తిరుగుతుంది. చూడ్డానికి పాదం బయటికి వెళ్లినట్టే ఉంటుంది, పని చేసేది మాత్రం తొడ. మోకాలి చిప్ప మీద అరచెయ్యి పెట్టి చేయండి, చిప్ప కదిలితే చేతికి వెంటనే తెలుస్తుంది. అప్పుడు రంగు ఒక మెట్టు తగ్గించండి. వరుసగా రెండు రోజులు 20 చొప్పున మూడు విడతలు మోకాలు కదలకుండా పూర్తయితే పై రంగుకు వెళ్లొచ్చు. నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దున వాపు పెరగకూడదు.

పాదాన్ని లోపలికి, పైకి లాగడం కూడా ఇదే పద్ధతి, పట్టీ కట్టే వైపు మారుతుంది, అంతే. కిందికి నొక్కే వ్యాయామానికి మాత్రం బ్యాండ్ మొదట్లో కొన్నాళ్లే పనికొస్తుంది. పిక్క మోయాల్సింది ఒంటి బరువంతా, నలుపు పట్టీ ఇచ్చే మూడు కిలోలు దానికి ఏ మూలకు? నడక కుదుటపడగానే గుమ్మం మెట్టు అంచున నిలబడి మడమలు లేపడం మొదలుపెట్టండి, మొదట రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో.

రబ్బరును పాడుచేసేవాటిలో మొదటిది నూనె. కొబ్బరినూనో నొప్పి మలామో రాసుకున్న కాలికి పట్టీ వేస్తే రబ్బరు ఉబ్బి, జిగటగా మారి, త్వరగా తెగుతుంది. మలాం వ్యాయామం అయ్యాకే రాయండి. రెండోది ఎండ. బాల్కనీ కడ్డీకి వేలాడదీసినవీ, వేసవిలో కారు డిక్కీలో వదిలేసినవీ నా దగ్గర రెండు నెలలు కూడా నిలవలేదు. ఆడవాళ్లు మెట్టెలు, కాళ్ల గజ్జెలు తీసి చేయడం మంచిది, మెట్టె అంచు చేసిన చిన్న గాటు వారంలో చిరుగుగా మారుతుంది. చెమట పట్టిన పట్టీని మామూలు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కాస్త పౌడర్ చల్లి, ముడి విప్పి దాచాలి. వాడే ముందు వెలుతురుకు అడ్డంగా పట్టుకుని కొద్దిగా సాగదీయండి. సూదిమొనంత చుక్కలు మెరిసినా, అంచున గాటు కనిపించినా, రంగు వెలిసి తెల్లబడినా పారేయాల్సిందే. రోజూ వాడితే నాకు ఒక్కోటి ఐదారు నెలలు వచ్చింది. తెగేటప్పుడు కొరడాలా వచ్చి తగులుతుంది కాబట్టి ముఖం వైపుకు ఎప్పుడూ లాగొద్దు.

చర్మం దురద పెట్టి దద్దుర్లు వస్తే అది లేటెక్స్, అంటే పట్టీలోని సహజ రబ్బరు, పడకపోవడం కావచ్చు. అరటిపండు పడనివాళ్లలో కొందరికి ఇదీ పడదు. లేటెక్స్ లేని పట్టీలు దొరుకుతాయి.

పోలీసు ఈవెంట్స్ కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు, ఊళ్లో కబడ్డీ, వాలీబాల్ ఆడేవాళ్లు నొప్పి పోగానే బ్యాండ్ మూల పడేస్తారు. నొప్పి ముందు పోతుంది, పట్టు తర్వాత వస్తుంది. కనీసం ఆరు వారాలైనా కొనసాగించండి. నిలదొక్కుకునే నేర్పును బ్యాండ్ ఇవ్వదు, దానికి ఒంటికాలి మీద అరనిమిషం నిలబడటం వేరేగా చేయాలి. తేలికయ్యాక కళ్లు మూసుకుని చేయండి, గోడ చేతికి అందేలా ఉండాలి. గంతులు, మలుపుల పరుగు ఆ తర్వాతే.

ఫిజియో దగ్గరికి రోజూ వెళ్లే వీలు, స్తోమతు అందరికీ ఉండవు. ఒక్కసారి వెళ్లినా, జిల్లా ప్రభుత్వాసుపత్రిలోని ఫిజియోథెరపీ విభాగానికైనా సరే, మీ పట్టీ మీరే తీసుకెళ్లి వాళ్ల ముందు చేసి చూపించండి. మోకాలు తిరగడం మనకంటే వాళ్లకే ముందు కనిపిస్తుంది.

కొనేటప్పుడు డబ్బాలో మడిచిన పాత సరుకు కంటే సర్జికల్ షాపులో రోల్ నుంచి కోసి ఇచ్చేది మేలు. చుట్టలో పైపొర ఎండకు తగిలి ఉంటుంది, ఒక చుట్టు వదిలేసి లోపలి నుంచి కోయమనండి. రెండు మీటర్లు తీసుకుంటే ఒకటిన్నర కట్టి చేసే వ్యాయామాలకు సరిపోతుంది, మిగిలిన అర మీటరుకు ముడేసి రెండు పాదాల చుట్టూ వేసుకుంటే మంచం కోడు లేని చోట కూడా పని జరుగుతుంది.