ముందు రికార్డోనా, ప్రెబిషా?

దేశాల మధ్య వ్యాపారాన్నీ దాని వెనక రాజకీయాన్నీ కలిపి చూసే అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం మొదలుపెట్టేవాళ్లకు మామూలుగా ముందు చేతికొచ్చేది ఇంగ్లండు ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో వేసిన లెక్క. ఒక కొలత బట్టకు ఏడాదికి ఇంగ్లండులో 100 మంది, పోర్చుగల్‌లో 90 మంది కావాలి. వైన్‌కైతే 120, 80. రెండింటిలోనూ పోర్చుగలే మెరుగు. అయినా అది వైన్, ఇంగ్లండు బట్ట చేసి మార్చుకుంటే ఇంగ్లండుకు 20 మంది, పోర్చుగల్‌కు 10 మంది శ్రమ మిగులుతుంది. కాగితం మీద వేసి చూస్తే ముచ్చటేస్తుంది. అరగంటలో తలకెక్కుతుంది కూడా.

కాకపోతే, పోర్చుగల్ వాటాకు వైనే ఎందుకొచ్చిందని ఆ లెక్క అడగదు. 1703 మెథుయెన్ ఒప్పందంతో పోర్చుగల్ ఇంగ్లండు ఉన్ని బట్టలకు తలుపులు తీసింది. బదులుగా దాని వైన్‌పై సుంకం ఫ్రెంచి వైన్ కంటే మూడో వంతు తక్కువ. లెక్క వేసేనాటికే వందేళ్ల రాజకీయం నడిచింది.

రెండో దారి రౌల్ ప్రెబిష్. ఈయన అర్జెంటీనా కేంద్ర బ్యాంకును తొలినాళ్లలో నడిపినవాడు, కుర్రతనంలో స్వేచ్ఛా వాణిజ్యాన్ని నమ్మినవాడే. 1930ల మాంద్యంలో తమ గోధుమల ధర కుప్పకూలింది, కొనుక్కోవాల్సిన యంత్రాల ధర అంతగా దిగలేదు. 1933లో మాంసం ఎగుమతుల బేరానికి లండన్ వెళ్లిన బృందంలో ఆయనా ఉన్నాడు. కొనేవాడి ముందు అమ్ముకునేవాడి మాట ఎంత చెల్లుతుందో దగ్గర్నుంచి చూశాడు. అదే యంత్రానికి ముడిసరుకు దేశాలు ఏటికేడు ఎక్కువ సరుకు ఇచ్చుకోవాల్సి వస్తోందని 1949లో వాదించాడు.

మన దాదాభాయి నౌరోజీ ఉండగా ప్రెబిష్ ఎందుకంటారా? నౌరోజీది వలస పాలనలో దేశం నుంచి తరలిపోయిన సొమ్ము లెక్క. ప్రెబిష్‌ది స్వతంత్ర దేశపు గోడు.

ఆయన వాదంలోనూ లొసుగులున్నాయి. 2000ల్లో చైనా కొనుగోళ్లతో ముడిసరుకుల ధరలు ఏళ్లపాటు పెరిగాయి. సొంత పరిశ్రమలు పెంచుకోవాలన్న ఆయన మాట పట్టుకుని దిగుమతి సుంకాల చాటున పెంచిన లాటిన్ అమెరికా పరిశ్రమలు చాలావరకు బయటి మార్కెట్లో నిలవలేదు. దక్షిణ కొరియా మాత్రం తన కంపెనీలకు అలాంటి రక్షణ ఇస్తూనే, ఎగుమతులు చేసి తీరాలని వాటి మెడ మీద కూర్చుంది. అతి రక్షణను 1960ల్లో ప్రెబిషే తప్పుపట్టాడు, ఆయన్ని తిట్టేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.

నా ఓటు ముందు ప్రెబిష్‌కు, వెంటనే రికార్డోకు. రికార్డో తర్వాత చదివితే ప్రెబిష్ ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టుంటాడు. ముందే చదివితే రికార్డో పట్టికలో ఏ గడి లేదో మీకే కనిపిస్తుంది. పరీక్ష వచ్చే వారమే అయితే మాత్రం టెన్షన్ పడకుండా రికార్డోతోనే కానిచ్చేయండి.