రిగ్లీ ఫీల్డ్‌లో పులిహోర పొట్లాలు

నాన్న తెనాలి నుంచి వచ్చి నెలన్నర అయింది. ఇండియానాపొలిస్‌లో మా కాలనీ చుట్టూ పొద్దునో నడక, సాయంత్రమో నడక, మధ్యలో ఫోన్లో క్రికెట్. ఒక రోజు ఆయనే అడిగారు, "ఒరే, ఇక్కడివాళ్లు వెర్రెత్తిపోయే ఆ బేస్‌బాల్ ఏంటో ఒకసారి చూపించరా" అని. మా ఊళ్లోనూ చిన్న లీగ్ జట్టు ఉంది, టికెట్టూ చవకే. కానీ జీవితంలో ఒకే ఒక్కసారి చూసే మనిషికి చూపిస్తే షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ స్టేడియమే చూపించాలనిపించింది. మూడు గంటల డ్రైవు. పైగా షికాగో టైము ఇండియానాపొలిస్ కంటే గంట వెనక, కాబట్టి వెళ్లేటప్పుడు గంట లాభం. మా ఆవిడకి సెలవు దొరకలేదు. అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ల మా అమ్మాయి, నేను గురువారం సాయంత్రం బయల్దేరాం.

బస గురించి ముందే చెప్తాను, ఎందుకంటే డబ్బు ఎక్కువగా కారేది అక్కడే. ఊరి మధ్యలో, నది పక్కన హోటళ్లు చూస్తే గది అద్దె సంగతి అలా ఉంచి, కారు పెట్టుకోవడానికే రాత్రికి 60 డాలర్ల పైన అడుగుతున్నారు. దాని మీద గదికి పన్ను 17 శాతం పైనే. అందుకని ఓ'హేర్ విమానాశ్రయం పక్కన రోజ్‌మాంట్‌లో దిగాం. అద్దె దాదాపు సగం, బ్లూ లైన్ రైలు దగ్గర. హోటల్ పేరు చెప్పను గానీ, "ఉచిత షటిల్" అన్న మాట నమ్మి బుక్ చేస్తే, అది విమానాశ్రయానికే తప్ప రైలు స్టేషన్‌కి పోదట. ఖాళీ చేసేటప్పుడు సౌకర్యాల రుసుమని ఇంకో పాతిక డాలర్లు. ఏ సౌకర్యమని అడిగితే జిమ్ అన్నారు. డెబ్బై ఏళ్ల మా నాన్న జిమ్! గది మాత్రం శుభ్రంగా ఉంది, అమ్మ రైస్ కుక్కర్ పెట్టుకున్నా ఎవరూ ఏమీ అనలేదు. మళ్లీ వెళ్లినా ఆ పేటలోనే దిగుతాను, ఆ హోటల్లో కాదు.

ఆట శుక్రవారం మధ్యాహ్నం 1:20కి. షికాగో జట్టు పేరు కబ్స్, వాళ్ల సొంత మైదానమైన రిగ్లీలో పగటి ఆటలు ఎక్కువ. 1988 దాకా అక్కడ ఫ్లడ్‌లైట్లే లేవు మరి. శుక్రవారాలు ఇప్పటికీ చాలావరకు మధ్యాహ్నమే ఆడతారు. సెయింట్ లూయిస్‌తోనో మిల్వాకీతోనో ఆటంటే అక్కడి జనం కార్లేసుకుని వచ్చేస్తారు, రేట్లు పెరుగుతాయి. మేం అవి కాకుండా చూసుకున్నాం. ఫీజులన్నీ కలిపి నలుగురికి 190 డాలర్లయింది.

ఇక్కడ నేను చేసిన ఒక తెలివితక్కువ పని. స్టేడియం ఉన్న వీధి అడిసన్, స్టేషన్ పేరూ అడిసనే. బ్లూ లైన్ ఎక్కాం, అడిసన్ అని బోర్డు రాగానే అందర్నీ దించేశాను. పైకొచ్చి చూస్తే హైవే, పెట్రోల్ బంకు. స్టేడియం జాడే లేదు. ఆ వీధి ఊరికి అడ్డంగా పోతుంది కాబట్టి దాన్ని దాటే ప్రతి లైనుకూ ఒక అడిసన్ స్టేషన్ ఉందట. బ్లూకి ఒకటి, బ్రౌన్‌కి ఒకటి, రెడ్‌కి ఒకటి. మనకి కావలసింది రెడ్ లైన్ అడిసన్, అక్కడికి మూడు మైళ్లు. "ఇంతోటి దానికి నువ్వు పదేళ్ల నుంచి అమెరికాలో ఉన్నావు" అంది అమ్మ. తీరా 152 నంబర్ బస్సు అక్కడే ఎక్కితే సరాసరి స్టేడియం ముందు దింపింది. ఊరి మధ్యకి పోయి రెడ్ లైన్ మారే బాధ తప్పింది. తప్పు దిగడమే మంచిదైంది. రోజ్‌మాంట్‌లో బస చేసేవాళ్లు ఈ దారే పట్టండి.

అమ్మ గురువారం మధ్యాహ్నమే చింతపండు పులిహోర కలిపి నాలుగు పొట్లాలు కట్టింది. గేటు దగ్గర పారేయమంటారేమోనని నాకు గుండెల్లో రాయి. అక్కడి కుర్రాడు సంచీ తెరిచి, అల్యూమినియం పొట్లం ఒకటి ఎత్తి చూసి, రైసా అని అడిగి లోపలికి పొమ్మన్నాడు. సీలు తీయని నీళ్ల సీసాలకీ అభ్యంతరం లేదు. లోపల అన్నీ కార్డుతోనే, నోట్లు చెల్లవు.

మైదానం కట్టింది 1914లో. పెద్ద లీగ్ మైదానాల్లో బోస్టన్ ఫెన్‌వే పార్క్ తర్వాత ఇంత పాతది ఇంకోటి లేదు. అందుకే పై అంతస్తుని మోసే ఇనప స్తంభాలు సీట్ల మధ్యలో ఉంటాయి. కింది అంతస్తులో వెనక వరసలు కొన్న నేను సీటు పక్కన చిన్నక్షరాల్లో రాసింది చదవలేదు. మా అమ్మాయి సీటుకి బంతి విసిరేవాడు కనపడడు, నా సీటుకి కొట్టేవాడు కనపడడు. తండ్రీకూతుళ్లం కలిపి ఒక ఆట చూశాం. నీడలో ఉన్నాం, అదొక్కటే నయం. చివరి వరసల్లో కొంటే పై అంతస్తులోనే కొనండి, మెట్లు ఎక్కాలి గానీ అన్నీ కనపడతాయి. జూన్ నెలైనా సరస్సు మీంచి గాలి కొట్టిందంటే వణుకే. అమ్మ శాలువా తెచ్చుకుంది, నేను తెచ్చుకోలేదు.

నాన్నకి ఆట అర్థం కావడానికి రెండు ఇన్నింగ్స్ పట్టింది. "మూడుసార్లు కొట్టలేకపోతే అవుట్. ముగ్గురు అవుటైతే వాళ్ల వంతు. అంతేగా? మన కర్రాబిళ్లే కదరా, కాకపోతే బిళ్ల బదులు బంతి" అని తేల్చేశారు. ఆయన్ని ఆశ్చర్యపరిచింది వేరే. కొట్టిన బంతి ఒకటి పక్కకి తిరిగి మాకు నాలుగు వరసల ముందు పడింది. ఒక పెద్దమనిషి రెండు చేతులా పట్టి, పక్క కుర్చీలో ఉన్న ఎవరి పిల్లాడికో ఇచ్చేశాడు. నాన్న ఆట వదిలేసి ఆ పిల్లాడినే చూస్తూ కూచున్నారు. "వెనక్కి ఇవ్వరా?" ఇవ్వరు నాన్నా, ఇంటికి తీసుకుపోతాడు. "కొత్త బంతి కదరా! ఎవరూ అడగరా?" ఐదు నిమిషాల తర్వాత మళ్లీ అదే ప్రశ్న. చిన్నప్పుడు ముళ్లకంపలో పడ్డ బంతి కోసం ఆట ఆపి వెతికిన మనిషి ఆయన. ఇక్కడా కంప ఉంది. బయటి గోడ నిండా ఐవీ తీగ, 1937లో నాటారు. బంతి అందులో ఇరుక్కుంటే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు, కొట్టినవాడికి రెండు బేసులు (పరుగు దారిలో మజిలీలు) ఇచ్చేస్తారు. ఎవరూ వెతకరు.

ఆ తీగ కన్నా నాకు నచ్చింది దాని పైనున్న స్కోరుబోర్డు. అదీ 1937దే. ఇప్పటికీ లోపల మనుషులుండి రేకు పలకలు చేత్తో మారుస్తారు. దూరం నుంచి చూస్తుంటే ఒక గడిలో సున్నా పోతుంది, క్షణం సేపు నల్లటి కంత, అందులో ఒక చెయ్యి, తర్వాత తెల్లటి 2. మా ఊరి కాలేజీ గ్రౌండులో సంక్రాంతి టోర్నమెంటుకి మేకులకి వేలాడదీసే అంకెల పలకలు గుర్తొచ్చాయి నాకు. పక్కనే పెద్ద వీడియో తెర ఉన్నా నేను ఆ కంతనే చూశాను.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో జనమంతా లేచి ఒక పాట పాడతారు, నలభై వేల గొంతులు. మళ్లీ జాతీయగీతం అనుకుని అమ్మ కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. ఆ రోజు కబ్స్ గెలిచారు. స్కోరుబోర్డు మీద తెల్ల జెండా ఎగరేశారు, మధ్యలో నీలం రంగు డబ్ల్యూ. ఓడితే నీలం జెండా మీద తెల్లటి ఎల్. రైల్లో ఇంటికి పోయేవాళ్లకి ఫలితం తెలియాలని పెట్టిన పద్ధతట. 1908 తర్వాత మళ్లీ 2016లో గానీ వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ ఫైనల్, గెలవని జట్టు కదా, తెల్ల జెండాకి అంత సంబరం ఎందుకో అర్థమైంది.

తిండి దగ్గర మనవాళ్లకి ఒక చిక్కుంది. ఇక్కడి హాట్‌డాగ్ పూర్తిగా గొడ్డు మాంసం, ఇటాలియన్ బీఫ్ అనే శాండ్‌విచ్ సంగతి పేరులోనే ఉంది. మేం తినం. కానీ హాట్‌డాగ్ మీద వేసేవి చూసి మా అమ్మాయి ఊరుకోలేదు. గసగసాలు చల్లిన బన్ను, ఆవపిండి సాస్, ఉల్లిముక్కలు, టమాటా, దోస ఊరగాయ చీలిక, కళ్లు జిగేలుమనే పచ్చ రెలిష్ (సన్నగా తరిగిన ఊరగాయ), ఊరేసిన చిన్న మిరపకాయలు, పైన సెలరీ ఉప్పు. సాసేజ్ తీసేసి మిగతావన్నీ వేసివ్వమంటే, అమ్మేవాడు మూడుసార్లు ఖాయం చేసుకుని ఇచ్చాడు. బ్రహ్మాండంగా ఉంది. కెచప్ మాత్రం అడక్కండి, ఆ ఊళ్లో అది పెద్ద తప్పు. ఈ సాసేజ్‌లకి ఇంత పేరు తెచ్చింది 1893 ప్రపంచ ప్రదర్శన. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ జరిగిందీ ఆ ప్రదర్శన సందర్భంగానే. ఆయన ప్రసంగించిన భవనం ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. ఎదురు వీధికి ఆయన పేరిట బోర్డుంది. శనివారం పొద్దున నాన్నకి దాని కింద నాలుగు ఫొటోలు తీశాను.

డీప్ డిష్ పిజ్జా కోసం శనివారం మధ్యాహ్నం గంటంపావు కూచున్నాం. అరగంట క్యూ, ముప్పావుగంట కాలడానికి. కింద చీజ్, పైన టమాటా, అంచు రెండంగుళాలు. "దిబ్బరొట్టె మీద టమాటా పప్పు పోసినట్టుంది" అంది అమ్మ, సగం ముక్క వదిలేసి. నలుగురికి చిన్న సైజే మిగిలిపోయింది. ఒకసారి చూడాలి, అంతే. ఊరివాళ్లు రోజూ తినేది పల్చటి పిజ్జా, చదరపు ముక్కలుగా కోసి ఇస్తారు, అంచు కరకరలాడుతుంది. రాత్రికి అది తెప్పించుకుంటే గుక్క తిప్పుకోకుండా అయిపోయింది.

నదిలో పడవ మీద భవనాలు చూపించే టూరు తలకి 50 డాలర్ల పైన. దండగనుకున్నాను, అమ్మకి అన్నిటికన్నా అదే నచ్చింది. కూచుని చూడొచ్చు కదా! ఆదివారం డెవాన్ వీధికి వెళ్లాం, మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ 1974లో మొదటి కొట్టు తెరిచిన వీధి. గోంగూర కట్టలు, దోసెలు, పార్కింగ్ గొడవ, అన్నీ మనవే.

వచ్చేటప్పుడు జార్డినేరా సీసా ఒకటి కొన్నాను. క్యారెట్, కాలీఫ్లవర్, సెలరీ, మిరపకాయలు నూనెలో ఊరేసింది, ఇటాలియన్ బీఫ్ మీద వేసుకుంటారు. లాభపడ్డ గంట తిరుగు ప్రయాణంలో పోయింది, ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. అమ్మ కుక్కర్ పెట్టింది. నాన్న పెరుగన్నంలోకి ఆ సీసా మూత తీసి, ఒక ముక్క నంజుకుని, "ఉప్పు సరిపోయింది, ఆవపిండి మర్చిపోయారు" అన్నారు. బుధవారానికి సీసా ఖాళీ.