ఏడో నంబరు రాయి: మేం కొన్న రాళ్ళ కిట్టు గురించి

మా పాప ఏడో తరగతి. సైన్స్ ఎగ్జిబిషన్‌కి "ఇంట్లోనే రాళ్ళని గుర్తుపట్టడం" అని పేరిచ్చి వచ్చేసింది. చేతిలో పది రోజులే ఉన్నాయి. ఆన్‌లైన్లో 749 రూపాయలు పెట్టి రాళ్ళ కిట్టు తెప్పించాం. స్పాంజి గుంటల్లో 12 రాళ్ళు, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఇనప మేకు, గాజు ముక్క, నునుపు లేని తెల్ల టైలు ముక్క, డ్రాపరు, చిన్న పుస్తకం వచ్చాయి.

ముందు బాగున్నవి చెప్తాను. ఆ భూతద్దం ఒక్కటీ డబ్బులకి సరిపోయింది. గ్రానైటు ముక్క మీద పెట్టి చూస్తే బూడిదరంగు గాజులా క్వార్ట్జ్, గులాబీరంగు ఫెల్డ్‌స్పార్, నల్లగా తళుక్కుమనే అభ్రకం దేనికది విడిగా కనిపించాయి. పాప అరగంట దాకా కళ్ళు తీయలేదు. ప్యూమిస్ (అగ్నిపర్వతం నుంచి వచ్చే నురగలాంటి రాయి) నిజంగానే నీళ్ళ మీద తేలింది. హెమటైటు (ఇనుము తీసే ఖనిజం) నల్లగా ఉందే అనుకుని టైలు మీద గీస్తే ఎర్ర గీత పడింది. రాయి పైరంగు చూసి నమ్మకూడదని పిల్లకి అక్కడే తెలిసొచ్చింది.

ఇక గొడవ ఏడో నంబరుతో. చీటీ మీద "మార్బుల్" అని ఉంది, తెల్లగా ముద్దుగా ఉంది. పాలరాయిలో మామూలుగా ఎక్కువగా ఉండేది కాల్సైటు అనే సున్నపు ఖనిజం కాబట్టి వెనిగర్ పడితే బుడగలు రావాలి. రాలేదు. గోరువెచ్చని వెనిగర్ పోశాం, మేకుతో గీకి పొడి చేద్దామని చూశాం. పొడి రాలలేదు సరికదా, రాయి మీద మేకే బూడిదరంగు చార వదిలింది. గాజు ముక్కని బల్ల మీద పడుకోబెట్టి (చేత్తో పట్టుకుని గీయనివ్వకండి, విరిగితే కోసుకుంటుంది) రాయితో గీస్తే గాజు మీద లోతుగా గీత పడింది. 1812లో మోస్ అనే ఆయన పెట్టిన గట్టిదనం లెక్కలో కాల్సైటు 3, గాజు సుమారు 5.5, క్వార్ట్జ్ 7. మూడున్నది అయిదున్నరని గీయలేదు కదా!

బేతంచర్ల నుంచి వచ్చి ఉన్న మా మామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని, "పాలరాయి యాడిదమ్మా, పలుగురాయి ఇది" అన్నారు, అంటే క్వార్ట్జ్. ఆయన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపితే, తెల్లగా ఉంటే మార్బులేనని జవాబొచ్చింది. డబ్బా తెరిచారు కాబట్టి వాపసు లేదన్నారు. నాకు బాధ డబ్బుల గురించి కాదు. చీటీని నమ్మి పరీక్ష చేయని పిల్లలు తప్పునే నేర్చుకుంటారు, అది ఒప్పుకోలేను.

ఇంకో లోపం కూడా ఉంది. మూత మీద "12 రకాల శిలలు" అని వేశారు గానీ అందులో క్వార్ట్జ్, కాల్సైటు, టాల్క్, హెమటైటు ఖనిజాలు. ఖనిజాలు కలిస్తే శిల అవుతుంది. ఎగ్జిబిషన్లో టీచరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పుస్తకంలో ఆ తేడా గురించి ఒక్క వాక్యం లేదు. రాళ్ళు కూడా గోరంత గోరంత ఉన్నాయి, పొరలున్న రాయిలో పొరలు కనిపించేంత సైజు కాదు.

దాంతో మామయ్యా, పాపా ఇల్లంతా వెతకడం మొదలుపెట్టారు. అసలు ప్రాజెక్టు అక్కడ తయారైంది. గడప ముందున్న నాపరాయి సున్నపురాయే, అవక్షేప శిల, అంటే పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డది. పాలిష్ మీద వెనిగర్ ఊరికే కూర్చుంది. మేకుతో గీకి, ఆ పొడి మీద ఒక చుక్క వేసి భూతద్దంలో చూస్తే సన్నటి బుడగలు వరసగా లేచాయి. మామయ్య కూడా వంగి చూశారు, "మళ్ళీ వెయ్ పాపా" అన్నారు. పాత ఇంట్లో కడపరాయి గట్టు మీద నిమ్మకాయ కోసినప్పుడల్లా పడే తెల్లమచ్చ నాకు అప్పుడు గుర్తొచ్చింది. అదీ సున్నపురాయే, పులుపు దాన్ని తినేస్తుంది. ఇన్నేళ్ళూ గుడ్డతో రుద్దుతూనే ఉన్నాను!

మామయ్య దాచుకున్న మార్కాపురం పలక రూపాంతర శిలకి (వేడికో ఒత్తిడికో మారిపోయిన రాయికి) ఉదాహరణగా కుదిరింది, మట్టి పొరలు గట్టిపడిన షేల్ రాయి ఒత్తిడికి మారి పలక అవుతుంది. బలపం టాల్క్ కాబట్టి గోటికే గీత పడుతుంది. పక్క ప్లాటులో సెల్లారు తవ్విన చోట మేస్త్రీని అడిగి అరచేయంత గ్రానైటు తెచ్చాం. మన హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ మాట పాప చార్టులో పెద్ద అక్షరాలతో రాసింది. వంటింటి గట్టు చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. అందరం గ్రానైటే అంటాం గానీ భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో అది గాబ్రో అనే ముదురురంగు శిల కుటుంబం. బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైటు అనే ఖనిజం.

కొనాలా అంటే, పరికరాల కోసమైతే కొనండి. రాళ్ళ కోసమైతే వద్దు. కొన్నా చీటీలన్నీ విప్పేసి, నంబర్లు మాత్రమే ఉంచి, పిల్లల చేతే పేర్లు రాయించండి. నేను 5కి 3 ఇస్తున్నాను, అందులో రెండు భూతద్దానివే.

ఏడో గుంటలో ఇప్పుడు పూజామందిరాలు చేసే కొట్టు బయట పడేసిన పాలరాయి చెక్కు ఉంది. వెనిగర్ వేసి, బుడగలొచ్చాకే పెట్టాం. తీసేసిన రాయికి పాప "క్వార్ట్జ్, అమ్మినవాళ్ళు మార్బుల్ అన్నారు" అని కొత్త చీటీ రాసి, పరీక్షలు చేసి చూపించడానికి చార్టు ముందు విడిగా పెట్టుకుంది.